వీపు మీద బొట్టు

నరసరావుపేటలో బ్రేక్ ప్యాడ్లు అమ్మే కొట్లకు కొదవలేదు. అడిగిన వెంటనే డబ్బా చేతిలో పెట్టి పంపించే కొట్లే అన్నీ. పల్నాడు రోడ్డులోని బాలకోటయ్య ఆటో స్పేర్స్ ఒక్కటే ఆ జాబితాలోకి రాదు. అక్కడ ముందు మనం జవాబులు చెప్పుకోవాలి. సరుకు సంగతి ఆ తర్వాత.

బోర్డు మీద పేరు బాలకోటయ్యదే. ఆయన గల్లాపెట్టె దగ్గర కూర్చుని పేపరు అక్షరం వదలకుండా చదువుతాడు, బిల్లు రాస్తాడు, ఎండన పడి వచ్చినవాళ్లకు మంచినీళ్లిస్తాడు. కొట్టు నడిపేది మాత్రం ఆయన భార్య రమాదేవి. ఈ సంగతి పేటలో అందరికీ తెలుసు, అందరికన్నా బాగా బాలకోటయ్యకు తెలుసు. "బోర్డు నాది, బుర్ర ఆవిడది" అని ఆయనే చెబుతాడు, ఏమాత్రం చిన్నతనం లేకుండా.

ఎవరైనా మెట్టెక్కి ప్యాడ్లు కావాలంటే రమాదేవి కారు పేరు అడగదు. "పాతయ్యి ఏయి?" అంటుంది. పాతవి చూపించకుండా కొత్తవి ఇవ్వదు. చూపిస్తే వాటిని గుమ్మంలో వెలుతురుకు పట్టుకుని అటూ ఇటూ తిప్పి, వెనకవైపు అంటించి ఉండే పల్చటి రేకును గోటితో లేపి లోపలికి చూస్తుంది. ఒకసారి ఈపూరు నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి ప్యాడ్లను అలాగే చూసి, "బండి మీరు నడపట్లా. ఎవరో కొత్తగా నేర్చుకుంటన్నారు. కాలు బ్రేకు మీదనించి తియ్యట్లా" అంది. ఆ మనిషి నోరు తెరిచాడు. నెల రోజులుగా ఆయన బావమరిదికి డ్రైవింగ్ నేర్పిస్తున్నాడు.

ఇందులో మంత్రమేమీ లేదు. ఆ కొట్టులో నుంచి బయటికి పోయే ప్రతి ప్యాడ్డుకూ రమాదేవి పసుపు బొట్టు పెడుతుంది. చక్రంతో పాటు తిరిగే ఇనుప డిస్కును పట్టుకునే నల్లటి ముఖానికి కాదు, దాని వెనక ఇనుప పలకకు, రేకు కింద. దేవుడి మీద భక్తితో పెట్టిందే. కానీ వేడి తగిలితే పసుపు రంగు మారుతుందని ఆమె ఏనాడో కనిపెట్టింది. తిరిగొచ్చిన ప్యాడ్డు మీద పసుపు పసుపుగానే ఉంటే ఆ బండి సంసారపక్షంగా తిరిగిందని అర్థం. వేయించిన కందిపప్పు రంగుకొస్తే ఏదో కొండ దిగింది. నల్లబడితే దిగేటప్పుడు గేరు తీసేసి, పెట్రోలు కలిసొస్తుందని న్యూట్రల్‌లో వదిలాడు మహానుభావుడు. ఏ పసుపు ఎంత వేడికి ఎంత మారుతుందో ఆమె ఇంట్లో గ్యాస్ పొయ్యి మీద, అట్ల పెనం మీద పరీక్ష చేసి తెలుసుకుంది. ఆ పెనం మీద మళ్లీ అట్టు పొయ్యడానికి లేకుండా పోయిందని బాలకోటయ్య ఇప్పటికీ సణుగుతాడు.

కొట్టులో కోటప్పకొండ కోటయ్య స్వామి పటం కింద ఒక మేకు ఉంది. దానికి తుప్పు పట్టిన పాత ప్యాడ్డు ఒకటి వేలాడుతూ ఉంటుంది. మొదటి బేరం తాలూకు గుర్తు కాబోలు అనుకుంటారు వచ్చినవాళ్లు. రమాదేవి కాదనదు, ఔననదు. రోజూ పొద్దున షట్టరు ఎత్తగానే స్వామికి దణ్ణం పెట్టి, ఆ చేతులు దించకుండానే దానివంక ఒకసారి చూస్తుంది.

అది ఇరవై రెండేళ్ల నాటి ప్యాడ్డు. ఆ ఏడు బాలకోటయ్యకు పచ్చకామెర్లొచ్చి మూడు నెలలు మంచానపడ్డాడు. అప్పటిదాకా కొట్టు ముఖం ఎరగని రమాదేవి వచ్చి కూర్చుంది. ఇంతలో దసరా వచ్చింది. రామబ్రహ్మం గారని, క్రోసూరు వైపు రైతు, పేటలో ఇల్లు కట్టుకుని ఉంటున్నాయన, తన మారుతి కారుకు ప్యాడ్లు చెప్పి ఉన్నాడు. పండగపూట పూజలో పెట్టి ఇస్తే శుభమనుకుంది రమాదేవి. పొడిపసుపు రాలిపోతుందని నువ్వుల నూనెలో రంగరించి, ప్యాడ్ల నల్లటి ముఖాలకు నిండుగా బొట్లు పెట్టింది. బొట్టు ముఖానికి పెడతారు గానీ వీపుకు పెడతారా? ఏ ఇల్లాలైనా అలాగే అనుకుంటుంది. అవి తెల్లవార్లూ పటాల ముందే ఉన్నాయి, నూనె తాగుతూ.

బిగించినవాడు పైపైన గుడ్డతో తుడిచి బిగించాడు. మూడో రోజు రామబ్రహ్మం కోటప్పకొండకు వెళ్లాడు. ఎక్కడం బాగానే ఎక్కాడు. దిగేటప్పుడు ఘాట్ రోడ్డు రెండో మలుపులో ఎంత తొక్కినా బండి ఆగలేదు. లోయవైపు పోనివ్వకుండా ఆయనే కారును కొండరాయికి కొట్టించాడు. ప్రాణం దక్కింది, కుడి మోకాలు నుజ్జయింది.

పదిహేను రోజుల తర్వాత ఆయన కాలికి కట్టుతో ఆటోలో వచ్చి, దిగకుండానే రమాదేవిని పిలిచి, కాగితంలో చుట్టిన ప్యాడ్డు చేతిలో పెట్టాడు. నూనె మరక మీద పసుపు ఇంకా కనపడుతూనే ఉంది.

"ఇక జన్మలో బొట్టు పెట్టను అన్నయ్యగారూ" అంది.

"బొట్టు మానొద్దమ్మా" అన్నాడు రామబ్రహ్మం. "పక్క మార్చు."

అంతే. ఆటో కదిలిపోయింది. ఆయన ఇంట్లోనూ ఊళ్లోనూ ఏం చెప్పాడో ఆమెకు తర్వాత తెలిసింది. స్టీరింగ్ మీద కునుకు పట్టిందని చెప్పాడట. కునుకు పట్టే మనిషి కాదాయన. ఆ ఒక్క అబద్ధంతో బాలకోటయ్య కొట్టు నిలబడింది. అలాంటి అబద్ధం ఆడాలంటే ఎంత నిజమైన మనిషై ఉండాలో!

ఆయన మాత్రం ఆ తర్వాత కొండ మీద నుంచి కారులో దిగలేదు. కోటయ్య దర్శనానికి వెళితే ఆ మోకాలితోనే, కర్ర పట్టుకుని, మెట్ల దారినే దిగేవాడు. ఆ సంగతి చెవిన పడ్డప్పుడల్లా రమాదేవికి అన్నం సయించేది కాదు.

పోయిన డిసెంబరులో ఒక సాయంత్రం రామబ్రహ్మం కొడుకు గోపీచంద్ కొట్టుకొచ్చాడు. ముప్ఫై రెండేళ్లవాడు. మిరపకాయల కోల్డ్ స్టోరేజీ చూసుకుంటాడు. మనిషి నిదానమే గానీ కారెక్కితే నిదానం ఇంట్లో వదిలేస్తాడని ప్రతీతి. చేతిలో ఆన్‌లైన్‌లో తెప్పించిన డబ్బా ఉంది.

"అత్తా, ఈ ప్యాడ్లు యాసిన్ భాయ్ చేత ఏయించు. ఎల్లుండి చెన్నై పోవాల" అన్నాడు. యాసిన్ అంటే ఆ కొట్టు పక్క షెడ్డులోని మెకానిక్. రమాదేవి చెప్పనిదే ఒక బోల్టు కూడా విప్పడు.

"పాతయ్యి చూడనియ్యి" అంది రమాదేవి.

యాసిన్ ముందు చక్రం ఊడదీసి ప్యాడ్లు తెచ్చిచ్చాడు. ఏడాది కిందట తను అమ్మినవే. ముఖం గాజులా నున్నబడింది. అంచులు అటుకుల్లా రాలుతున్నాయి. వెనక రేకు లేపితే బొట్టు నల్లగా కూడా లేదు, బూడిదైపోయింది. ఇన్నేళ్లలో ఆమె అలాంటి బొట్టు చూడలేదు.

"ఈ బండి ఏ కొండ దిగింది గోపీ?"

"కొండేం లేదత్తా. హైవే మీదే."

"నాకాడ అబద్ధం చెప్పు, పర్లేదు. ప్యాడ్డు కాడ చెప్పమాక."

గోపీచంద్ తల గోక్కుని, అటూ ఇటూ చూసి, అసలు సంగతి చెప్పాడు. చెన్నై దగ్గర కార్ల పందేల ట్రాక్ ఒకటుంది. కొన్ని రోజుల్లో రుసుము కట్టి ఎవరి కారు వాళ్లు తోలుకోవచ్చు. తను రెండుసార్లు వెళ్లాడు. తిన్నటి దారిలో నూట డెబ్భైకి పోయి, మలుపు దగ్గర ఒక్కసారిగా అరవైకి దించాలి. మళ్లీ నూట డెబ్భై, మళ్లీ అరవై. రెండోసారి వెళ్లినప్పుడు అయిదో రౌండులో బ్రేకు పట్టలేదు. కారు పక్కనున్న ఇసకలోకి దూసుకుపోయి ఆగింది. ఇంట్లో ఎవరికీ తెలియదు.

"నాయనకు చెప్పమాకత్తా" అన్నాడు.

రమాదేవి లేపిన రేకును కిందికి నొక్కి, "పెడల్ మెత్తగా కిందికి దిగిపోయిందా? గట్టిగానే ఉండి బండి ఆగలేదా?" అని అడిగింది.

"గట్టిగానే ఉంది. రాయిని తొక్కినట్టు."

"అయితే ప్యాడ్డు చచ్చిపోయింది. మెత్తగా దిగుంటే ఆయిల్ మరిగినట్టు. ఆ వేడికి అదీ మరిగే ఉంటది, ఎందుకైనా మంచిది, ఆయిలూ మారుద్దాం."

"అందుకేగా ఇయ్యి తెప్పించింది. రేసు ప్యాడ్లు. ఆరొందల డిగ్రీలకు కూడా పట్టుద్దంట. ఈడనే ఏయించుకుని లహరినీ పాపనూ ఎక్కించుకుని పోతా. వాళ్లను మా వదిన గారింట్లో దించి నేను ట్రాక్‌కు పోతా."

లహరి అతని భార్య. పాప సాయిసాత్వికకు నాలుగేళ్లు. రమాదేవి డబ్బా విప్పి ప్యాడ్డు చేతిలోకి తీసుకుని వేలితో రాసి చూసింది. మంచి సరుకే. అదే వచ్చిన చిక్కు.

"ఇయ్యి వేడెక్కితేగాని పట్టవు అల్లుడూ. పొద్దున్నే గేటు దాటంగానే గేదె అడ్డమొస్తే ఏం చేస్తావు? అమ్మా నువ్వు కాసేపాగు, నా బ్రేకులింకా వేడెక్కలా అని చెప్పుకుంటావా?"

గోపీచంద్ నవ్వాడు. "ఏందత్తా, అంత స్పీడును ఆపేది ఇంత స్పీడును ఆపదా?"

చదువుకున్నవాళ్లు చేసే పొరపాటు ఇదే. పెద్ద పనికి పనికొచ్చింది చిన్న పనికి పనికిరాకుండా పోతుందా అనుకుంటారు. పల్నాడు రైతు కొడుకు కాబట్టి రమాదేవి అతనికి అర్థమయ్యే మాటే చెప్పింది. "బండలాగుడు పందెం ఎడ్లను తీసుకొచ్చి ఇత్తనాల గొర్రుకు కడతారా మీ ఇంట్లో?"

మాటకు నవ్వాడు గానీ అతని మనసుకు ఎక్కలేదు. "నువ్వు ఏయించకపోతే ఇంకో షెడ్డులో ఏయించుకుంటాలే అత్తా" అని డబ్బా చంకన పెట్టుకుని లేచాడు.

వదిలేస్తే వదిలిపోయేది. ప్యాడ్లు ఆమె అమ్మినవి కావు, బిగించేది ఆమె మనిషి కాదు. రేపు ఏమైనా ఆమె పేరెత్తేవాళ్లు లేరు. కానీ ఆమె కళ్లు మేకు వైపు పోయాయి. ఒక తరం మోకాలు ఇచ్చింది. రెండో తరం ఏమిస్తుందో!

"రేపు తెల్లారి కొండ కింద రోడ్డు కాడికి రా. నా కళ్ల ముందు ఒక్కసారి తొక్కి చూపించు. పట్టిందా, నేనే కొబ్బరికాయ కొట్టి పంపిస్తా. వచ్చేటప్పుడు మీ కోల్డ్ స్టోరేజీలోనించి తాలుకాయల గోతం ఒకటి పట్టుకురా" అంది. పండక ముందే తెల్లబారిన పనికిరాని మిరపకాయలను తాలుకాయలంటారు.

"గోతం ఎందుకత్తా?"

"తెమ్మన్నది తే."

మర్నాడు మంచు ఇంకా విడవలేదు. కొండకు వెళ్లే దారిలో నరసంచారం లేదు. రమాదేవి శాలువా కప్పుకుని, సున్నం డబ్బా పట్టుకుని నిలబడింది. యాసిన్ ముందు కొట్టులోని మామూలు ప్యాడ్లు బిగించాడు. కొత్త ప్యాడ్లు డిస్కుకు అలవాటు పడాలని పదిసార్లు మెల్లగా తొక్కి, చల్లారనిచ్చాడు. రమాదేవి రోడ్డు మీద సున్నంతో అడ్డగీత గీసింది. అరవైలో వచ్చి గీత దగ్గర బ్రేకు తొక్కాలి. గోపీచంద్ తొక్కాడు. కారు ఆగిన చోటు నుంచి రమాదేవి ముందుకు రెండు బారలు కొలిచి అక్కడ రోడ్డుకు నడిమధ్య తాలుకాయల గోతం నిలబెట్టింది.

తర్వాత యాసిన్ అవి తీసి రేసు ప్యాడ్లు బిగించాడు. వాటికీ అదే మర్యాద చేశాడు, పది తొక్కుళ్లు, చల్లారేదాకా ఆగడం. రమాదేవి డిస్కు మీద చెయ్యి పెట్టి చూసింది. మంచు తగిలి చల్లగా ఉంది.

"ఇప్పుడు రా" అంది.

అరవైలోనే వచ్చాడు. గీత దగ్గరే తొక్కాడు. కారు గీత దాటింది, ఇందాక ఆగిన చోటు దాటింది, గోతాన్ని గుద్ది దాని మీదికెక్కి ఆగింది. గోతం పగిలి మిరప దుమ్ము లేచింది. యాసిన్ తుమ్ముతూ పొలంలోకి పరిగెత్తాడు. గోపీచంద్ తలుపు తీసుకుని దగ్గుతూ దిగాడు. రమాదేవి శాలువా ముక్కుకు అడ్డం పెట్టుకుని, కళ్లవెంట నీళ్లు కారుతుండగా అతని దగ్గరకొచ్చింది.

"గోపీ, మీ పాప ఎంత బరువుంటది?"

గోపీచంద్ చక్రాల కింద పడి ఉన్న గోతాన్ని చూశాడు. రోడ్డు పక్కన రాయి మీద కూర్చుండిపోయాడు. "ఇంక ట్రాక్ మానేస్తా అత్తా" అన్నాడు.

ఇక్కడే రమాదేవి మనిషేమిటో తెలుస్తుంది. ఇంకొకరైతే హమ్మయ్య అనుకుని ఇంటికి పోయేవారు. ఆమె మాత్రం, "నేను మానమన్నానా? ఇష్టమైంది చెయ్యి. దేని చోటులో దాన్ని వాడు" అంది. ఆ తర్వాత ఇంకో మాట కూడా అంది. వ్యాపారంలో ఉన్నవాళ్లు ఆ మాట అనగా నేను ఎక్కడా వినలేదు. "నాకు కొండ తెలుసు, రోడ్డు తెలుసు. ఆ ట్రాక్ నేను చూడలా. దాని సంగతి నాకు తెలవదు. తెలిసినోళ్లను అడిగి చెబుతా."

ఆ రోజంతా ఫోన్లే. ప్యాడ్ల కంపెనీ మనిషిని అడిగింది, అతను చెప్పిన ఇంకొక మనిషిని అడిగింది, డిస్కు మందమెంత, బండి బరువెంత, ఎన్ని రౌండ్లు అని వాళ్లు అడిగినవాటికి జవాబులు చెప్పింది. సాయంత్రానికి గోపీచంద్ వచ్చి, "రెండిటికీ పనికొచ్చేది ఒకటి ఉంటదిగా, అదే ఇయ్యి" అన్నాడు.

"ఉంది. నడిమి రకం. సరదాకు నాలుగు రౌండ్లు తిరిగొచ్చేవాళ్లకు చాలు. నువ్వు ఇసకలోకి పోయే మనిషివి. నీకు చాలదు. రెండు సెట్లు పెట్టుకో. పోవడానికి రావడానికి నా ప్యాడ్లు. ట్రాక్ గేటు లోపలికి పోయినాక నీ రేసు ప్యాడ్లు. బయటికి రాబోయే ముందు మళ్లీ నాయి. మార్చేది నువ్వే, నీ చేత్తో."

యాసిన్ షెడ్డులో గోపీచంద్ ఆ మార్చడం నేర్చుకున్నాడు. మొదటిసారి గంట పట్టింది, వేలు నలిగింది. మూడోసారికి ఒక్కో చక్రానికి ఇరవై నిమిషాల్లో ముగించాడు. యాసిన్ ఒక బోల్టు కావాలనే వదులు చేసి పెట్టి, కనిపెడతాడా లేదా అని కూడా చూశాడు. కనిపెట్టాడు.

అంతా అయ్యాక రమాదేవి ప్యాడ్లు ఇవ్వలేదు. కౌంటరు మీద రెండు సెట్లూ పెట్టి, వాటి మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. "మీ నాయనకు చెప్పి రా. అప్పుడిస్తా."

"అదొక్కటీ అడగమాకత్తా. ఆయనకు కారంటేనే భయం. ఒకసారి నిద్రమత్తులో గుద్దేసుకున్నాడుగా."

అసలు జరిగింది వేరు. ఇరవై రెండేళ్లుగా ముగ్గురికి తప్ప నాలుగో మనిషికి తెలియని మాట. ఈ కుర్రాడు బయట అంటే కొట్టు మీద నమ్మకం ఏమవుతుందో రమాదేవికి తెలుసు. అవతల బాలకోటయ్య పేపరు దించి ఆమె వంకే చూస్తున్నాడు, వద్దన్నట్టూ లేదు, చెప్పమన్నట్టూ లేదు.

"మీ నాయన నిద్రపోలేదు గోపీ" అంది. మేకు నుంచి పాత ప్యాడ్డు తీసి అతని చేతిలో పెట్టింది. నూనె సంగతి, బొట్టు సంగతి, ఆటోలో వచ్చి ఆయన అన్న మాట, అన్నీ చెప్పింది. ఒక్కటీ దాచలేదు, తన తప్పును తగ్గించి చెప్పలేదు. "ఆయన నా మూలంగా పడ్డాడు. ఆయనకు తెలవకుండా ఆయన బిడ్డకు బ్రేకులు అమ్మలేను నాయనా. నా వల్ల కాదు."

గోపీచంద్ ప్యాడ్డును తిప్పి తిప్పి చూసి, మేకుకు తగిలించి, కారు షెడ్డులోనే వదిలి నడిచి వెళ్లిపోయాడు.

మర్నాడు షట్టరు ఎత్తేసరికే మెట్ల దగ్గర రామబ్రహ్మం కర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"చెప్పేశావంటగా" అన్నాడు.

"చెప్పేశా అన్నయ్యగారూ."

"నేను అంత జాగ్రత్తగా దాస్తే, నువ్వు చెప్పేశావు." కౌంటరు దగ్గరి స్టూలు మీద కాలు చాపుకుని కూర్చున్నాడు. "రాత్రి వాడు నా కాళ్ల కాడ కూకుని ట్రాక్ అన్నాడు, ఇసక అన్నాడు, అన్నీ చెప్పాడు. వాడు నాకాడ అట్టా కూకుని పదేళ్లయింది. ఏదీ, ఆ ప్యాడ్లు చూడనియ్యి."

ఆమె రెండు సెట్లూ ముందు పెట్టింది. ఆయన ఒక్కొక్కటే తిప్పి చూశాడు. నల్లటి ముఖం మీద ఏమీ లేదు. వీపు మీద పసుపు, మధ్యలో కుంకుమ.

"పంపిద్దాం" అన్నాడు.

గోపీచంద్ భార్యాబిడ్డలతో చెన్నై వెళ్లాడు. ఆ మూడు రోజులూ రమాదేవి కొట్టులో ఉన్నా లేనట్టే. క్లచ్ కేబుల్ అడిగినవాడికి యాక్సిలరేటర్ కేబుల్ ఇచ్చింది. పాతవి అడగకుండానే ఒకాయనకు ప్యాడ్లు ఇచ్చెయ్యబోతే బాలకోటయ్య, "ఏమే, కొట్టు నేను నడపాల్సి వచ్చేట్టుంది" అన్నాడు. నవ్వించబోయాడు పాపం. ఆమె నవ్వలేదు. ఫోను మోగినప్పుడల్లా ముందు మేకు వైపు చూసి, ఆ తర్వాత ఎత్తింది. ఒక మనిషి ఎక్కడో నూట డెబ్భైలో పోతూ బ్రేకు మీద కాలు పెడితే, ఆ కాలి కింద తన మాట ఉంటుంది. ఆ బరువు ఆమెకు తెలుసు. అది తెలిసినవాళ్లు తక్కువ కాబట్టే ఆమెను నేను ఇంతగా పొగుడుతున్నాను.

నాలుగో రోజు మధ్యాహ్నం గోపీచంద్ కారు కొట్టు ముందు ఆగింది. ముందు సీట్లో రామబ్రహ్మం ఉన్నాడు. వెనక లహరి ఒడిలో పాప నిద్రపోతోంది.

గోపీచంద్ డిక్కీలోంచి సంచి తీసి నాలుగు రేసు ప్యాడ్లు కౌంటరు మీద పేర్చాడు. "పన్నెండు రౌండ్లు అత్తా. ఆగమన్న కాడల్లా ఆగింది."

రమాదేవి రేకు లేపింది. బొట్టు బొగ్గయిపోయింది. ఆమె సైగ చేస్తే యాసిన్ కారు చక్రం ఊడదీసి, బిగించి ఉన్న మామూలు ప్యాడ్డు తెచ్చి చూపించాడు. దాని మీద పసుపు అంచులు మాత్రం వేగిన కందిపప్పు రంగులో ఉన్నాయి.

"ఇదేంది? ఇది కొండ దిగిన రంగు. చెన్నై దారిలో కొండేడుంది?" అంది రమాదేవి.

"పొద్దున కోటయ్య కాడికి పోయొచ్చాం" అన్నాడు రామబ్రహ్మం. "వీడు మెట్ల కాడ ఆపబోయాడు. వద్దులేరా, పోనియ్యి అన్నా. కారులోనే దిగానమ్మా. రెండో మలుపులో కూడా కళ్లు మూసుకోలా."

రమాదేవి ఆ ప్యాడ్డును కొంగుతో తుడిచి కౌంటరు మీద పెట్టింది.

రామబ్రహ్మం కర్ర ఆనించి లేచి, కోటయ్య పటం దగ్గరికి నడిచి, మేకుకున్న తుప్పు ప్యాడ్డు తీసి జేబులో వేసుకున్నాడు.

"అది ఉండనియ్యండి అన్నయ్యగారూ. అది లేకపోతే నేను మర్చిపోతా."

"మర్చిపోవు. నా మోకాలు నాకాడుంది, నేను మర్చిపోయానా? దీన్ని చూసింది చాల్లే."

కౌంటరు మీద నుంచి కొడుకు రేసు ప్యాడ్డు ఒకటి తీసి, బొగ్గయిన బొట్టు ఇవతలకు కనపడేలా ఆ మేకుకు తగిలించాడు.

"సెట్టు చెడిపోద్ది అన్నయ్యగారూ" అంది రమాదేవి. కళ్లవెంట నీళ్లు కారుతున్నా వ్యాపారం వ్యాపారమే.

"చెడిపోనియ్యి" అన్నాడు రామబ్రహ్మం. "రేపటినించి షట్టరు ఎత్తంగానే దీన్ని చూడు. ఇది పిల్లోడు ఇంటికొచ్చిన ప్యాడ్డు."